శనివారం రాత్రి అడిగే ప్రశ్నలు

కొన్ని శతాబ్దాల పాటు కతోలిక దేవాలయాల్లో ఒక విడ్డూరం సాగింది. క్రీస్తు ఉత్థానమైన రాత్రిని కొనియాడుతూ రాసిన పాస్కా గీతాన్ని గురువులు పవిత్ర శనివారం పొద్దున్నే, గుడి నిండా ఎండ పడుతుండగా పాడేవారు. కొత్త నిప్పు రాజేసేదీ పగటిపూటే. గీతం లతీనులో సాగేది. అందరూ పనులకు వెళ్లే వేళ కావడంతో బల్లలు దాదాపు ఖాళీగా ఉండేవి. ఏడాది మొత్తంలో అతి గొప్పదైన ఆరాధన జరిగిపోయిందన్న సంగతి కూడా చాలామంది విశ్వాసులకు తెలిసేది కాదు. వాళ్లకు ఈస్టర్ అంటే ఆదివారం పూజ, కొత్త బట్టలు, ఇంట్లో విందు.

1951 ఫిబ్రవరిలో పోప్ 12వ పయస్ ఆ ఆరాధనను, అంటే పాస్కా జాగరణను, మళ్లీ రాత్రివేళకు మార్చారు. మొదట ప్రయోగంగా చేసిన ఈ మార్పు 1955 నాటి పవిత్ర వారం సంస్కరణలతో స్థిరపడి, 1956 నుంచి లతీను రీతి పాటించే దేవాలయాలన్నింటికీ నియమమైంది. వేళ మార్పు గురించి అందరూ రాశారు. దాంతోపాటు చేరిన మరో అంశం మీద అంత చర్చ జరగలేదు. గుడిలో ఉన్న ప్రతి ఒక్కరూ వెలిగించిన కొవ్వొత్తి పట్టుకుని లేచి నిలబడి, తమ జ్ఞానస్నాన ప్రమాణాలను మళ్లీ చేయాలి. ఆ ప్రశ్నలు, జవాబులు ప్రజల సొంత భాషలో సాగవచ్చని కూడా రోము అనుమతించింది. రెండో వాటికన్ మహాసభ మాతృభాషలో పూజకు తలుపులు తెరవడానికి దశాబ్దానికి పైగా ముందే వచ్చిన వెసులుబాటు ఇది. మిగతా ఆరాధన లతీనులో ఉన్నా పర్వాలేదు గానీ, ‘నమ్ముతున్నాను’ అనే మాట మాత్రం మనిషి తన ఇంటి భాషలో చెప్పాలని శ్రీసభ భావించింది.

కతోలికులకు ఈస్టర్ అర్థం ఎక్కడుందంటే ఆ జవాబులోనే ఉంది. ఉత్థానాన్ని గుర్తుచేసుకోవడానికి ప్రసంగాలు, పాటలు, ఊరేగింపులు ఉన్నాయి. కానీ ఆ ఉత్థానం తన జీవితాన్ని మార్చిందో లేదో ప్రతి విశ్వాసీ పదిమంది ఎదుట నోరు తెరిచి చెప్పాల్సిన క్షణం ఏడాదికోసారి ఈ రాత్రే వస్తుంది. తెలుగునాట కతోలిక జీవితంలో ఆ క్షణానికి దక్కాల్సినంత చోటు ఇంకా దక్కలేదు.

ఆ రాత్రి ఆరాధనను ఒకసారి దగ్గరగా చూడాలి. గుడి బయట చీకట్లో నిప్పు రాజేస్తారు. పెద్ద పాస్కా వత్తిపై సిలువను, అల్ఫా ఒమేగా అక్షరాలను, ఆ సంవత్సరపు నాలుగు అంకెలను గీస్తారు. 2026లో అయితే రెండు, సున్నా, రెండు, ఆరు. రెండు వేల ఏళ్ల నాటి సంఘటనను ఈ ఏటి కష్టసుఖాల మధ్యకు తెచ్చి నిలబెట్టడమే ఆ అంకెల ఉద్దేశం. ఐదు సాంబ్రాణి గింజలు క్రీస్తు ఐదు గాయాలకు గుర్తు. ఆ వత్తి నుంచి ఒకరి కొవ్వొత్తి, దాని నుంచి పక్కవారిది వెలిగించుకుంటూ పోతే గుడి అంతా వెలుగు పరుచుకుంటుంది.

తర్వాత పాత నిబంధన నుంచి ఏడు పఠనాలు. సృష్టి, అబ్రహాము బలి, ఎర్ర సముద్రం, ప్రవక్తల వాగ్దానాలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. సమయాన్ని బట్టి కొన్నింటిని తగ్గించుకోవచ్చు. అయితే నిర్గమకాండంలోని ఎర్ర సముద్రం ఘట్టాన్ని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వదలకూడదన్నది నియమం. బానిసలుగా ఉన్న ప్రజలు నీళ్లు దాటి స్వతంత్రులైన కథ అది. జ్ఞానస్నానానికి ఆ కథే పునాది. ‘గ్లోరియా’ పాడేటప్పుడు గంటలు మోగుతాయి. తపస్సు కాలమంతా వినిపించని ‘అల్లెలూయ’ తిరిగి వస్తుంది. జలాన్ని ఆశీర్వదిస్తారు. కొత్తగా విశ్వాసంలోకి వచ్చేవారికి జ్ఞానస్నానం ఇస్తారు. అప్పుడు గురువు అందరివైపు తిరిగి ప్రశ్నలు అడుగుతారు.

ప్రశ్నల వరసలో ఒక అర్థం ఉంది. దేవుణ్ని నమ్ముతారా అని మొదట అడగరు. పిశాచాన్ని, దాని పనులను, దాని ఆడంబరాలను వదిలేస్తారా అని ముందు అడుగుతారు. కాదనాల్సినదాన్ని కాదన్న తర్వాతే తండ్రిని, సుతుణ్ని, పవిత్రాత్మను, శ్రీసభను, దేహపు ఉత్థానాన్ని నమ్ముతున్నామని ఒప్పుకోవాలి. నాలుగో శతాబ్దంలో యెరూషలేములో జ్ఞానస్నానం పొందేవారు పడమర దిక్కుకు, అంటే చీకటి దిక్కుకు తిరిగి, చెయ్యి చాపి పిశాచాన్ని నిరాకరించేవారు. ఆ తర్వాత తూర్పుకు తిరిగి విశ్వాసాన్ని ప్రకటించేవారు. క్రీస్తు సమాధి దగ్గర కట్టిన దేవాలయంలో ఈస్టర్ వారంలో కొత్త విశ్వాసులకు చేసిన ఉపదేశాల్లో ఈ వివరణ నేటికీ దొరుకుతుంది. నిలబడిన చోటే ఒళ్లంతా తిప్పి, బతుకు దిశ మారిందని చూపించేవారన్నమాట.

387లో మిలాను నగరంలో ఇలాంటి ఈస్టర్ రాత్రే అగస్టీన్ అనే అధ్యాపకుడు బిషప్ అంబ్రోసు చేతుల మీదుగా జ్ఞానస్నానం పొందాడు. అప్పటికి అతనికి 32 ఏళ్లు. వెంట కుమారుడు అదియోదాతుస్, స్నేహితుడు అలీపియుస్ ఉన్నారు. పేరు, పదవి, వాదనా పటిమ అన్నీ ఉన్న మనిషి ఏళ్ల తరబడి వాయిదా వేసిన నిర్ణయం అది. ఎనిమిది మూలల ఆ జ్ఞానస్నాన తొట్టి అవశేషాలు మిలాను కథెడ్రల్ కింద నేటికీ ఉన్నాయి. పాశ్చాత్య క్రైస్తవ చింతనను తీర్చిదిద్దిన వ్యక్తి ఆ మెట్లు దిగి నీళ్లలోకి వెళ్లాడు. తపస్సు కాలం ఈ రూపం దాల్చడంలో అలాంటివారి పాత్ర పెద్దది. జ్ఞానస్నానానికి సిద్ధమయ్యేవారు చివరి వారాల్లో ఉపవాసం, ప్రార్థన పాటిస్తుంటే, అప్పటికే విశ్వాసులైనవారు వాళ్లకు తోడుగా తామూ పాటించేవారు. నలభై రోజులు చాలావరకు అలా స్థిరపడ్డాయి. కాలం గడిచి, శిశువులకు జ్ఞానస్నానం ఇవ్వడం ఆనవాయితీ అయ్యాక కొత్తవాళ్లు కనుమరుగయ్యారు, తపస్సు మాత్రం మిగిలింది.

వాటికన్ మహాసభ 1963లో పెద్దల జ్ఞానస్నాన శిక్షణను పునరుద్ధరించమని చెప్పింది. 1972లో అందుకు తగిన ఆరాధన క్రమం వెలువడింది. ఆ విత్తనం అనుకోని చోట మొలకెత్తింది. 2025 ఈస్టర్‌కు ఫ్రాన్స్‌లో 10,384 మంది పెద్దలు జ్ఞానస్నానానికి సిద్ధమయ్యారని ఆ దేశపు బిషప్పుల సమాఖ్య ప్రకటించింది. అంతకు ముందు ఏడాది ఆ సంఖ్య 7,135. ఒక్క ఏడాదిలో 45 శాతం పెరుగుదల. వీళ్లు కాక 7,400 మందికి పైగా కౌమార వయస్కులూ ఉన్నారు. పెద్దల్లో అన్నిటికంటే పెద్ద వర్గం 18 నుంచి 25 ఏళ్ల మధ్యవారిదే.

ఈ అంకెలు చూసి ఐరోపా మళ్లీ భక్తి బాట పట్టిందని చంకలు గుద్దుకోవడం తొందరపాటవుతుంది. అదే ఫ్రాన్స్‌లో శిశువుల జ్ఞానస్నానాలు దశాబ్దాలుగా తగ్గుతూ వస్తున్నాయి. కానీ ఒక సంగతి గమనించాలి. అమ్మానాన్నలు చెప్పనిదీ, స్కూలు నేర్పనిదీ, చుట్టుపక్కల సమాజం అంతగా మెచ్చనిదీ అయిన విశ్వాసాన్ని ఇరవై ఏళ్ల యువతీయువకులు తమంతట తాము వెతుక్కుంటూ వచ్చి, నెలల తరబడి శిక్షణ పొంది, ఈస్టర్ రాత్రి నోరారా ఒప్పుకుంటున్నారు. వాళ్లను చూసిన పాత విశ్వాసి తన కొవ్వొత్తి పట్టుకుని ఇచ్చే జవాబులోనూ కొంత తేడా వస్తుంది. విశ్వాసానికి పునరుజ్జీవం ఎక్కువగా ఇలా పక్కవారిని చూసే కలుగుతుంది.

సువార్తల్లోని ఈస్టర్ కథలూ ఇదే చెబుతాయి. ఆ ఉదయం ఎవరూ గట్టి విశ్వాసంతో సమాధి దగ్గరికి వెళ్లలేదు. మగ్దల మరియ శవానికి జరగాల్సిన మర్యాద కోసం వెళ్లింది. ఖాళీ సమాధి చూసి, ఎవరో ఎత్తుకుపోయారనుకుని ఏడ్చింది. స్త్రీలు వచ్చి చెప్పిన మాటను అపోస్తలులు వట్టి కబుర్లుగా కొట్టిపారేశారని లూకా దాచకుండా రాశాడు. ఎమ్మావు దారిలో ఇద్దరు శిష్యులు ఆశ వదులుకుని ఊరు విడిచిపోతున్నారు. తోమా అయితే గాయాల్లో వేలు పెట్టి చూస్తే తప్ప నమ్మనన్నాడు. వీళ్లలో ఎవరినీ క్రీస్తు వెళ్లగొట్టలేదు. మరియను పేరు పెట్టి పిలిచాడు. ఎమ్మావు శిష్యులతో కలిసి నడిచి, భోజనాల దగ్గర రొట్టె విరిచాడు. తోమాకు గాయాలు చూపించాడు. భారతదేశానికి సువార్త తెచ్చాడని మన క్రైస్తవ సంప్రదాయం తలచుకునేది ఆ తోమానే. సందేహించినవాడే ఇంత దూరం వచ్చాడన్న ఆ నమ్మకం ఇక్కడి విశ్వాసులకు ఎంతో ధైర్యం.

మగ్దల మరియ సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఉత్థాన వార్తను అపోస్తలులకు మొదట మోసుకెళ్లింది ఆమె. 2016లో పోప్ ఫ్రాన్సిస్ జూలై 22 నాటి ఆమె స్మరణను అపోస్తలుల పండుగలకున్న స్థాయికి పెంచారు. 2021 జనవరిలో పఠనకర్త, పీఠ సేవక పరిచర్యలను స్త్రీలకు అధికారికంగా తెరిచారు. అదే ఏడాది మే నెలలో ఉపదేశి పరిచర్యను స్త్రీపురుషులిద్దరికీ వర్తించేలా నెలకొల్పారు. మన విచారణల్లో (పారిష్‌లలో) పిల్లలకు జపాలు నేర్పేది, జబ్బుపడిన ఇళ్లకు వెళ్లి ప్రార్థించేది ఎక్కువగా స్త్రీలు, కన్యస్త్రీలే. వారి పనిని శ్రీసభ గుర్తించడం ఈస్టర్ ఉదయపు కథను శ్రద్ధగా చదవడమే.

విశ్వాసం తిరిగి లేవడం ఎంత బరువైన మాటో 2019 తర్వాత శ్రీలంక కతోలికులకు తెలిసినంతగా మరొకరికి తెలియదేమో. ఆ ఏడాది ఏప్రిల్ 21న, ఈస్టర్ ఆదివారం ఉదయం, కొలంబోలోని కొచ్చికడె పునీత అంతోని క్షేత్రంలో, నెగొంబో దగ్గర కటువపిటియ పునీత సెబాస్టియన్ దేవాలయంలో, బట్టికలోవాలోని జయోన్ చర్చిలో, మూడు పెద్ద హోటళ్లలో ఆత్మాహుతి బాంబులు పేలాయి. 260 మందికి పైగా చనిపోయారు. కటువపిటియలో ఉత్థాన క్రీస్తు విగ్రహం మీద రక్తపు మరకలు పడ్డాయి. మరుసటి ఆదివారం దేశమంతా పూజలు రద్దయ్యాయి. కొలంబో అగ్రపీఠాధిపతి కార్డినల్ మాల్కం రంజిత్ చేసిన పూజను జనం ఇళ్లలో టీవీల ముందు కూర్చుని చూశారు.

ఏడాది తిరిగేసరికి, 2020 ఈస్టర్ సందేశంలో, తమను నాశనం చేయాలని చూసినవారిని క్షమించామని ఆ కార్డినల్ ప్రకటించారు. కానీ క్షమించామని చెప్పి శ్రీసభ ఊరుకోలేదు. హెచ్చరికలు అందినా దాడిని ఆపలేకపోయిన వారిని జవాబుదారులను చేయాలని ఏళ్ల తరబడి పట్టుబట్టింది. బాధిత కుటుంబాలతో పాటు కతోలిక గురువులూ సుప్రీంకోర్టు తలుపు తట్టారు. 2023 జనవరిలో ఆ కోర్టు మాజీ అధ్యక్షుడు మైత్రిపాల సిరిసేన నిర్లక్ష్యాన్ని తప్పుబట్టి, బాధితులకు 10 కోట్ల శ్రీలంక రూపాయలు చెల్లించాలని ఆదేశించింది. పగ వద్దు, న్యాయం కావాలి. ఈ రెండింటినీ ఒక్క నోటితో అడగగలిగారంటే వాళ్లు ఏటా శనివారం రాత్రి చేసిన ప్రమాణం వట్టి మాటగా మిగలలేదనే అర్థం.

ఇక తెలుగు నేల సంగతి. ఇక్కడ కతోలిక సంఘానికి లోతైన వేళ్లున్నాయి. 18వ శతాబ్దంలో యేసుసభ గురువులు నడిపిన కర్ణాటక మిషన్ నుంచి నేటి మేత్రాసనాల దాకా విశ్వాసాన్ని నిలబెట్టినవారిలో ఊరూరా తిరిగిన ఉపదేశుల చెమట ఎంతో ఉంది. విభూది బుధవారం నుంచి ఇక్కడి విచారణల్లో వచ్చే కదలిక చూడముచ్చటగా ఉంటుంది. శుక్రవారం వస్తే సిలువ మార్గం, ఇంటింటా ఉపవాసాలు, మట్టల ఆదివారం ఊరేగింపు. గుడ్ ఫ్రైడే నాడు గుడి లోపల చోటు దొరకదు. ఈస్టర్ తెల్లవారుజామున తెలుగు క్రైస్తవులు సమాధులను పూలతో అలంకరించి కొవ్వొత్తులు వెలిగించే దృశ్యాన్ని ఏ మతంవారైనా ఆగి చూస్తారు. చనిపోయినవారికి ఉత్థానంలో పాలు ఉందన్న నమ్మకం అక్కడ కళ్లకు కనబడుతుంది. కతోలిక ఆచారంలో పాస్కా వత్తిని జ్ఞానస్నానం అప్పుడూ వెలిగిస్తారు, అంత్యక్రియల వేళ శవపేటిక పక్కనా వెలిగిస్తారు. సమాధి మీది కొవ్వొత్తికీ గుడిలోని ఆ వత్తికీ సంబంధం అదే.

అయితే ఈస్టర్ సోమవారం నుంచి ఏమవుతోంది? తపస్సు కాలం నలభై రోజులైతే పాస్కా కాలం పెంతెకోస్తు దాకా యాభై రోజులు. మొదటి ఎనిమిది రోజులను శ్రీసభ ఒకే మహాదినంగా లెక్కిస్తుంది. 325 నాటి నికయా మహాసభ ఈ యాభై రోజులూ మోకరించకుండా నిలబడి ప్రార్థించాలని కోరింది, లేచినవాడి ప్రజలు లేచి నిలబడాలని. ఇంత పెద్ద పండుగ కాలం మన విచారణల్లో చప్పున చల్లారిపోతోంది. ఎండలు ముదురుతాయి, పిల్లలకు సెలవులు వస్తాయి, పెళ్లిళ్లు మొదలవుతాయి. దుఃఖపడటానికి నలభై రోజుల క్రమశిక్షణ ఉన్న సంఘానికి సంతోషించడానికి ఒక్క పూట చాలుతోందంటే అది సరిదిద్దుకోవలసిన లోటే. ఏడాదికి ఒక్కసారైనా, అదీ వీలైనంతవరకు పాస్కా కాలంలో, దివ్యసత్ప్రసాదం స్వీకరించాలన్నది శ్రీసభ చట్టం పెట్టిన కనీస హద్దు. 1215 నాటి లాతెరాను మహాసభ నుంచీ వస్తున్న కట్టడి ఇది. కనీసం దగ్గరే ఆగిపోయే అలవాటును విశ్వాసపు పునరుజ్జీవం అనలేం.

చేయదగిన పనులు చేతికందే దూరంలోనే ఉన్నాయి. సిలువ మార్గానికి జోడుగా ‘వెలుగు మార్గం’ అనే భక్తిక్రియ ఉంది. ఖాళీ సమాధి నుంచి పవిత్రాత్మ రాక వరకు పద్నాలుగు స్థలాల్లో ఉత్థాన ఘట్టాలను ధ్యానించే ఈ పద్ధతిని 2001లో వాటికన్ వెలువరించిన ప్రజాభక్తి నిర్దేశిక ప్రోత్సహించింది. తపస్సు కాలంలో ప్రతి శుక్రవారం ఊరి వీధుల్లో సిలువ మోసిన యువత, పాస్కా కాలంలో అదే వీధుల్లో ఏడు వారాలు వెలుగు మార్గం నడపగలరు. జాగరణ నాడు పఠనాలను మూడుకు కుదించి త్వరగా ముగించే బదులు, ఏడూ చదివి, ముందు వారాల్లో వాటి అర్థం ప్రజలకు విప్పి చెప్పవచ్చు. శివరాత్రి జాగరణలు, రాత్రంతా సాగే హరికథలు ఎరిగిన నేల ఇది. రాత్రి మేలుకుని కథ వినడం తెలుగువారికి కొత్త కాదు.

వీటన్నింటికంటే కష్టమైనది మొదటి ప్రశ్న. పిశాచపు పనులను వదిలేస్తారా అని గురువు అడిగినప్పుడు ‘వదిలేస్తాం’ అనడం తేలికే. ఆ పనులకు మన ఊళ్లో ఏం పేరుందో కూడా చెప్పుకోవాలి. 2016 డిసెంబరులో భారత కతోలిక బిషప్పుల సమాఖ్య దళిత సాధికారత విధానాన్ని విడుదల చేసింది. దేశంలోని 1.9 కోట్ల కతోలికుల్లో దాదాపు 1.2 కోట్ల మంది దళితులేనని, శ్రీసభ లోపల కూడా అంటరానితనం, వివక్ష కొనసాగుతున్నాయని అందులో ఒప్పుకుంది. బిషప్పులు నిజం ఒప్పుకోవడం మంచి ఆరంభం. పొరుగున తమిళనాడులో కతోలిక శ్మశానాన్ని కులం గోడ రెండుగా చీల్చిన ఉదంతం ఉంది. జ్ఞానస్నానం పొందినవారిలో యూదుడని, గ్రీకువాడని, దాసుడని, స్వతంత్రుడని తేడా లేదని పౌలు గలతీయులకు రాశాడు. ఒకే నీళ్లలో మునిగి లేచినవాళ్లను మట్టిలో విడదీసే గోడ కంటే ఈస్టర్‌కు విరుద్ధమైనది మరొకటి ఉండదు.

2022 ఆగస్టు 27న హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల అంతోని కార్డినల్ అయ్యారు. కర్నూలు జిల్లాలో పుట్టిన ఆయన తెలుగువారిలో తొలి కార్డినల్, దళిత సముదాయం నుంచి వచ్చిన తొలి కార్డినల్ కూడా. 2025 మేలో పోప్ 14వ లియోను ఎన్నుకున్న సభలో ఆయన ఓటు వేశారు. తెలుగు కతోలికులు దీనికి గర్వించారు, గర్వించడంలో న్యాయముంది. రోములో దక్కిన ఆ గౌరవం విచారణ సంఘం బల్ల దగ్గర, పెళ్లి సంబంధాల మాటల్లో, శ్మశానపు వరసల్లో కూడా దక్కాలి. అందుకు పై నుంచి ఉత్తర్వు రానక్కర్లేదు. శనివారం రాత్రి ప్రమాణం చేసినవాళ్లు చాలు.

పోప్ ఫ్రాన్సిస్ ఆఖరి ఈస్టర్‌ను ఇక్కడ తలచుకోవాలి. 2025 ఏప్రిల్ 20న, నీరసించిన శరీరంతో పునీత పేతురు దేవాలయపు మేడమీదికి వచ్చి, పెగలని గొంతుతో జనానికి ఈస్టర్ శుభాకాంక్షలు చెప్పి, నగరానికీ లోకానికీ ఆశీర్వాదమిచ్చారు. ఆ తర్వాత వాహనంలో జనం మధ్య తిరిగారు. మర్నాటి ఉదయం కన్నుమూశారు. తన పాలనాకాలంలో ఆయన విశ్వాసులకు పదేపదే ఒక ఇంటిపని ఇచ్చేవారు. ఎవరి జ్ఞానస్నానం తేదీ వాళ్లు కనుక్కుని, పుట్టినరోజులా గుర్తుంచుకోవాలన్నదే ఆ పని.

తెలుగు విచారణలు ఆ ఇంటిపనిని ఈ ఏడు చేపట్టవచ్చు. ప్రతి విచారణలోనూ జ్ఞానస్నానాల పుస్తకం ఉంటుంది. ఎవరికి, ఏ రోజున, ఏ గురువు చేత జ్ఞానస్నానం జరిగిందో, జ్ఞానస్నాన తల్లిదండ్రులు ఎవరో అందులో రాసి ఉంటుంది. తపస్సు కాలం ఆదివారాల్లో పూజ అయ్యాక యువతను ఆ పుస్తకాల దగ్గర కూర్చోబెడితే, ఇంటింటికీ తేదీలు రాసిచ్చే పని వాళ్లే పూర్తిచేస్తారు. హైదరాబాదుకో గల్ఫ్‌కో అమెరికాకో వలస పోయినవారికి ఆ తేదీని ఫోనులో పంపవచ్చు. ఆ సందేశంతో పాటు పవిత్ర శనివారం రాత్రి ప్రమాణాల పాఠాన్నీ జతచేస్తే, ఏ ఊళ్లో ఉన్నా, ఏ దేశపు గుడిలో నిలబడినా, ఆ ప్రశ్నలకు వాళ్లు తెలుగులోనే మనసులో జవాబు చెప్పుకోగలుగుతారు.